పీసీలో పీసీ: ఇరవై ఏళ్ల వర్చువల్ మెషీన్లు ఒకే బల్ల మీద (ప్రాజెక్టు డైరీ, బెంగళూరు)

పని ఇది: పీసీ లోపల ఇంకో పీసీని నడిపే సాఫ్ట్‌వేర్ 1980ల చివర నుంచి 2008 దాకా ఏయే పద్ధతులు మార్చుకుంటూ వచ్చిందో, ఆ పద్ధతులన్నిటినీ ఒకే గెస్ట్ (లోపల నడిచే ఓఎస్) మీద నడిపి చూడటం. డిస్కు మారదు, గెస్ట్ మారదు, పరీక్ష మారదు. కింద నుంచి మోసే పద్ధతి మాత్రమే మారుతుంది. అప్పుడే ఏ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చెప్పగలం. కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి పాత ఓఎస్ బూట్ చేస్తే ఈ చరిత్ర కనబడదు, ఎందుకంటే ఇప్పటి ప్రాసెసర్ ఆ కష్టాలన్నీ మింగేసి కూర్చుంది.

దశ 0: యంత్రాలు, కరెంటు

మూడు యంత్రాలు కావాలి. మూడూ సెకండ్‌హ్యాండ్, ఎస్పీ రోడ్డు (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) సరుకు.

అ యంత్రం: పెంటియం 4, 2.4 గిగాహెర్ట్జ్, నార్త్‌వుడ్ రకం, 478 సాకెట్, 865 చిప్‌సెట్ బోర్డు, 1 జీబీ ర్యామ్. 64-బిట్ లేదు, వీటీ-ఎక్స్ (వర్చువల్ మెషీన్లకు ఇంటెల్ ప్రాసెసర్ ఇచ్చే సాయం) లేదు. లేకపోవడమే కావాలి.

ఆ యంత్రం: కోర్ 2 డ్యూయో ఈ8400, 4 జీబీ. వీటీ-ఎక్స్ ఉంది, ఈపీటీ (గెస్ట్ మెమరీ పట్టికలకు ప్రాసెసర్ సాయం, దశ 7) లేదు.

ఇ యంత్రం: కోర్ ఐ5-2400, 8 జీబీ. వీటీ-ఎక్స్, ఈపీటీ రెండూ ఉన్నాయి.

కోర్ 2 కొనేటప్పుడు జాగ్రత్త. ఈ4500 లాంటి 4000 వరుసలో వీటీ-ఎక్స్ లేదు. ఈ7500లో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. మోడల్ నంబర్ ఒకటే, ప్రాసెసర్ మూత మీద చెక్కిన ఎస్-స్పెక్ కోడ్ వేరు. షాపులో హీట్‌సింక్ ఊడదీసి చూపించరు. అందుకే ఈ8400 అని పట్టుబట్టడం మేలు, దానిలో అన్నిటికీ ఉంది. యూఎస్‌బీ మీద లినక్స్ తీసుకెళ్లి షాపులోనే బూట్ చేసి, ప్రాసెసర్ ఫ్లాగుల్లో వీఎంఎక్స్ అన్న పదం చూసుకుని డబ్బులివ్వండి.

పాత యంత్రం పెట్టె తెరవగానే చేయాల్సినవి:

1. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చూడాలి. చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు వద్దు. 2000ల మొదటి సగంలో తయారైన బోర్డుల్లో ఈ జబ్బు ఎక్కువ.
2. లోడు మీద పవర్ సప్లై కొలవాలి. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపు, 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. అ యంత్రంలో 12 లైను ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉండి, లోడు పడగానే 11.2కి జారింది. సప్లై మార్చేశాం.
3. సీఆర్2032 బ్యాటరీ మూడింటికీ కొత్తది. ఇది చిల్లర ఖర్చు అనుకోవద్దు. బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ మొదటికొస్తుంది, వీటీ-ఎక్స్ సెట్టింగు దానితోపాటే పోతుంది.
4. థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయాలి. పెంటియం 4 వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, ఎర్రర్ ఏదీ చూపించదు. కొలతలన్నీ పాడైపోతాయి.

ఇంతవరకు ఖర్చు: అ 1,200 + ఆ 1,800 + ఇ 4,500 + పవర్ సప్లై 650 + బ్యాటరీలు 90 + పేస్టు 120 = రూ. 8,360.

అ యంత్రానికి ఐడీఈ-సాటా అడాప్టర్ 250. మొత్తం రూ. 8,610.

దశ 1: అందరూ ఒప్పుకునే డిస్కు

ఇది చిన్న పనిలా కనిపించి ఎక్కువ తిప్పలు పెట్టే దశ. ప్రతి వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌కూ దాని సొంత డిస్కు ఫార్మాట్ ఉంది. ఒక్కో దానికి విడిగా ఇన్‌స్టాల్ చేస్తే గెస్ట్ ఒకటే అన్న మాట నిలవదు. అందుకని ఒక మూల ఇమేజ్ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా), ముడిగా, దాని నుంచే మిగతావన్నీ.

సైజు ఎంచుకోవడంలోనే అసలు కిటుకు ఉంది. 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, ట్రాక్‌కు 63 సెక్టార్లు. గుణిస్తే 10,32,192 సెక్టార్లు, అంటే 52,84,82,304 బైట్లు. పాత బయోస్‌ల 504 మెగాబైట్ల హద్దు ఇదే. ఈ కొలతను ఏ సాఫ్ట్‌వేరూ తనకు నచ్చినట్టు గుండ్రం చేయదు.

గుండ్రంగా 500 మెగాబైట్లు ఇస్తే ఏమవుతుందో చూడండి. అది 10,24,000 సెక్టార్లు. సిలిండర్‌కు 16 × 63 = 1,008 సెక్టార్లు కాబట్టి 1,015 నిండు సిలిండర్లు పోగా 880 సెక్టార్లు మిగులుతాయి. వర్చువల్ పీసీ డిస్కు సైజును సిలిండర్ల లెక్కలోనే గెస్ట్‌కు చెబుతుంది. మార్పిడి చేసే ప్రోగ్రాం కిందికి గుండ్రం చేస్తే ఆ 880 సెక్టార్లు గెస్ట్‌కు కనబడవు. పార్టిషన్ చివరి దాకా ఉంటే, డిస్కు చివర దాటి చదవబోతున్నావని లినక్స్ అరుస్తుంది. పైకి గుండ్రం చేస్తే ఫైలు 128 సెక్టార్లు పెరుగుతుంది, మూల ఇమేజ్‌తో చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే అంకె) కలవదు.

మూల ఇమేజ్‌లు రెండు: ఒకటి ఫ్రీడాస్ 1.3, రెండోది డెబియన్ 3.1 (సార్జ్, 2005). సార్జ్‌ను ఎంచుకోవడానికి కారణముంది. ఇన్‌స్టాలర్ మామూలుగా 2.4.27 కెర్నెల్ వేస్తుంది. బూట్ దగ్గర లినక్స్26 అని టైప్ చేస్తే 2.6.8 వేస్తుంది. రెండు కెర్నెళ్లూ ఒకే డిస్కులో ఉంచాం. దశ 5లో ఆ తేడా అక్కరకొస్తుంది. గ్రాఫిక్స్ వేయొద్దు, టెక్స్ట్ చాలు.

మార్పిడి ఇలా:

1. బాక్స్, క్యూఈఎంయూ (రెండూ దశ 2లో వచ్చే ఎమ్యులేటర్లు): ముడి ఇమేజ్ అలాగే సరిపోతుంది.
2. వీఎంవేర్: ముడి ఫైలును తాకనక్కరలేదు. పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి, అందులో రకం మోనోలితిక్ ఫ్లాట్ అని, సెక్టార్లు 1032192 అని, ఫైలు పేరు, ఆఫ్‌సెట్ 0 అని పెడితే అదే వీఎండీకే అవుతుంది.
3. వర్చువల్ పీసీ: స్థిర సైజు వీహెచ్‌డీ అంటే ముడి ఇమేజ్, దాని తోకకు 512 బైట్లు. అంతే.
4. వర్చువల్‌బాక్స్: పై రెండిటిలో ఏదైనా తెరుస్తుంది.

ఆ 512 బైట్ల తోకను హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడటం మానొద్దు. మొదటి ఎనిమిది బైట్లు 63 6ఎఫ్ 6ఇ 65 63 74 69 78. ఆస్కీలో చదివితే కనెక్టిక్స్ కంపెనీ పేరు, ఎనిమిది అక్షరాల్లో ఇమడాలని ఒక ఎన్ తగ్గించి రాసింది. 1997లో మ్యాకింటోష్ మీద వర్చువల్ పీసీ తెచ్చిన కంపెనీ అది. 2003లో మైక్రోసాఫ్ట్ ఆ సరుకును కొన్నది, ఫార్మాట్‌ను అలాగే ఉంచుకుంది. తర్వాత సర్వర్ల దాకా ఎక్కిన ప్రతి వీహెచ్‌డీ ఫైలు తోకలోనూ ఆ ఎనిమిది బైట్లు ఉన్నాయి.

స్థలం లెక్క: రెండు మూల ఇమేజ్‌లు, ఒక్కోటి ఐదు సాఫ్ట్‌వేర్లకు నకలు. 10 నకళ్లు, 528,48,23,040 బైట్లు. మూలాలు రెండూ రీడ్-ఓన్లీ, చెక్‌సమ్ కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించాం. ప్రతి పరీక్ష తాజా నకలుతో మొదలవ్వాలి. వాడిన నకలులో ఫైల్‌సిస్టమ్ ముక్కలైపోయి కాలం మారుతుంది.

దశ 2: ఒక్కో సూచననూ చదివి చేయడం

1988లో ఇన్సిగ్నియా కంపెనీ సాఫ్ట్‌పీసీ మోటరోలా 68000 కుటుంబపు మ్యాకింటోష్ మీద డాస్‌ను నడిపింది. ప్రాసెసరే వేరు కాబట్టి ఇంటెల్ సూచనలను ఒక్కొక్కటిగా చదివి, దాని పని తాను చేసి, తర్వాతి దానికి వెళ్లాలి. ఈ పద్ధతిని పీసీ మీదే చూడాలంటే బాక్స్ మంచి సాధనం. కెవిన్ లాటన్ 1994లో మొదలుపెట్టాడు. 2000లో మాండ్రేక్‌సాఫ్ట్ కొని ఉచిత లైసెన్సు కింద విడుదల చేసింది.

ఇ యంత్రంలో నడపండి. పెంటియం 4 మీద ఇది కూర్చోబెట్టి చంపుతుంది.

తప్పేవి మూడు చోట్ల:

1. డిస్కు కొలతలు కాన్ఫిగ్ ఫైల్లో 1024, 16, 63 అని కాక తప్పు రాస్తే, ఇమేజ్ సైజుతో కలవడం లేదని ఆగిపోతుంది.
2. ఐపీఎస్ విలువ. సెకనుకు ఎన్ని సూచనలు అన్నది మనమే చెప్పాలి, గెస్ట్ గడియారం దాని మీదే నడుస్తుంది. తక్కువ రాస్తే గెస్ట్ సమయం పరుగెడుతుంది. కీ ఒకసారి నొక్కితే అక్షరం నాలుగుసార్లు పడుతుంది. క్లాక్ సింక్‌ను రియల్‌టైమ్‌గా మార్చాక సర్దుకుంది.
3. బాక్స్ మధ్యలో కూలితే ఇమేజ్ పక్కన లాక్ అనే తోకతో ఒక ఫైలు మిగిలిపోతుంది. దాన్ని తుడిచేదాకా ఇమేజ్ తెరవదు. ఇమేజ్ పాడైందని అనుకుని మళ్లీ నకలు తీయనక్కరలేదు.

దీని తర్వాతి మెట్టు అనువాదం: గెస్ట్ కోడ్ ముక్కను ఒకసారి హోస్ట్ (బయటి అసలు యంత్రం) భాషలోకి మార్చి, దాచుకుని, మళ్లీ మళ్లీ వాడటం. కనెక్టిక్స్ 1997లో పవర్‌పీసీ మీద చేసింది అదే. 2003లో ఫాబ్రిస్ బెలార్ విడుదల చేసిన క్యూఈఎంయూ కూడా అదే. ఇ యంత్రంలో కొత్త క్యూఈఎంయూకి ఆక్సెల్ ఆప్షన్‌గా టీసీజీ (క్యూఈఎంయూ సొంత అనువాదకం) ఇస్తే చాలు. పాత 0.9.1ను సోర్సు నుంచి కట్టుకోవాలనుకునే వాళ్లకు ఒక మాట: అది జీసీసీ 3 తోనే కడుతుంది. కంపైలర్ పుట్టించిన మెషీన్ కోడ్ ముక్కలను కోసి అతికించుకునే పద్ధతి దానిది, జీసీసీ 4 ఆ ముక్కల ఆకారం మార్చేసింది. 2009లో 0.10తో టీసీజీ వచ్చి ఆ బాధ తీరింది.

దశ 3: ప్రాసెసరే చేయందించిన చిన్న మేలు

1985లో వచ్చిన 80386లో వర్చువల్ 8086 మోడ్ (పాత 8086 ప్రాసెసర్‌లా నటించే పద్ధతి) ఉంది. 1987లో విండోస్/386 దాన్ని పట్టుకుని ఒకేసారి ఎన్నో డాస్ ప్రోగ్రాములు నడిపింది. అ యంత్రంలో 32-బిట్ లినక్స్ వేసి డాస్‌ఎము ద్వారా ఫ్రీడాస్ నడిపితే ఇదే కనబడుతుంది.

అడ్డు పడేది ఒక్కటే. డాస్‌కు మెమరీ చిరునామా 0 కావాలి. భద్రత కోసం లినక్స్ మామూలు ప్రోగ్రాములను మొదటి 65,536 బైట్లలోకి రానివ్వదు. వీఎం కింద ఉండే ఎంమ్యాప్ మిన్ అడ్రస్ విలువను 0 చేయాలి, పరీక్ష అవ్వగానే తిరిగి పెట్టేయాలి. 64-బిట్ కెర్నెల్ మీద ఈ దశ చేయలేం. లాంగ్ మోడ్‌లో (64-బిట్ మోడ్‌లో) వర్చువల్ 8086 మోడ్ లేనే లేదు.

దశ 4: 9డి అనే బైటు

ప్రాజెక్టులో గుండెకాయ ఇది, అందుకే ఎక్కువ రాస్తున్నాం.

80386 చేసిన మేలు డాస్ దాకే. ఒక పూర్తి ఓఎస్‌ను, అంటే ప్రొటెక్టెడ్ మోడ్ కెర్నెల్‌ను, ఇంకో ఓఎస్ లోపల నేరుగా నడపాలంటే దానికి అధికారం తగ్గించి కూర్చోబెట్టాలి. అధికారం లేని పని చేయబోతే ప్రాసెసర్ ఆపి మనల్ని పిలవాలి. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ రాసిన నియమం సారం అదే: యంత్రం స్థితిని తాకే ప్రతి సూచనా, అధికారం లేనప్పుడు, ఆగి మొర పెట్టాలి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు దీనికి లొంగాయి. వీఎం/370 అన్నది 1972 నాటిదే. ఇంటెల్ ఎక్స్86 లొంగలేదు. 2000లో రాబిన్, ఇర్విన్ పెంటియం సూచనలన్నీ వడపోసి, అలా మొర పెట్టకుండా జారిపోయేవి 17 అని లెక్క తేల్చారు.

అందులో ఒకటి పాప్ఎఫ్, ప్రాసెసర్ ఫ్లాగులను తిరిగి వేసే సూచన. మెషీన్ కోడ్‌లో ఒకే బైటు, 9డి. దీన్ని చూడటానికి పాత యంత్రం కూడా అక్కరలేదు, మీ ముందున్న లినక్స్ ల్యాప్‌టాప్ చాలు:

1. సీలో ఇన్‌లైన్ అసెంబ్లీతో ఒక ప్రోగ్రాం రాసి సీఎల్ఐ సూచన (బైటు ఎఫ్ఎ) నడపండి. ఇంటరప్ట్‌లు (పని మధ్యలో ప్రాసెసర్‌ను ఆపి పిలిచే సంకేతాలు) ఆపమని దాని అర్థం. మామూలు ప్రోగ్రాంకు ఆ అధికారం లేదు. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో అక్కడికక్కడే చస్తుంది. ప్రాసెసర్ పట్టుకుంది, మంచిది.
2. ఇప్పుడు రెండో ప్రోగ్రాం. పుష్ఎఫ్‌తో ఫ్లాగులు తీయండి. హెక్స్‌లో 246 లాంటి విలువ వస్తుంది. తొమ్మిదో బిట్, అంటే హెక్స్ 200, ఇంటరప్ట్ ఫ్లాగు.
3. ఆ బిట్ తీసేయండి. 46 మిగులుతుంది. దాన్ని పాప్ఎఫ్‌తో తిరిగి వేయండి.
4. మళ్లీ పుష్ఎఫ్‌తో చదవండి. 246!

ఫాల్ట్ రాలేదు, మార్పూ జరగలేదు. ప్రాసెసర్ ఆ బిట్‌ను చూసీ చూడనట్టు వదిలేసింది. ఇక అధికారం తగ్గించిన గెస్ట్ కెర్నెల్ సంగతి ఊహించండి. ఇంటరప్ట్‌లు ఆగాయనుకుని అది తన పట్టికలను సవరించడం మొదలుపెడుతుంది, మధ్యలో ఇంటరప్ట్ వచ్చి పడుతుంది. కింద ఉన్న మేనేజర్‌కు (గెస్ట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు) ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

1998లో డయాన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్, స్కాట్ డివైన్, ఎడ్వర్డ్ వాంగ్, ఎడ్వార్డ్ బున్యన్ కలిసి పెట్టిన వీఎంవేర్, 1999లో వర్క్‌స్టేషన్ 1.0తో దీనికి దారి చూపింది. గెస్ట్‌లోని మామూలు ప్రోగ్రాములను ప్రాసెసర్ మీద నేరుగా నడపాలి. కెర్నెల్ కోడ్‌ను మాత్రం అనువాదం చేయాలి. ఆ అనువాదంలో చాలా సూచనలు ఉన్నవి ఉన్నట్టే నకలు అవుతాయి. 9డి లాంటివి కనబడిన చోట, గెస్ట్ తాలూకు నకిలీ ఫ్లాగును సవరించే కోడ్ పడుతుంది. క్యూఈఎంయూలా అంతా అనువదించనక్కరలేదు కాబట్టే 1999 నాటి పీసీల మీద అది వాడుకునే వేగంతో నడిచింది.

ఇదంతా అ యంత్రం మీద, విండోస్ ఎక్స్‌పీ హోస్ట్‌గా, నెట్‌వర్క్ తీగ పీకేసి:

1. వర్చువల్‌బాక్స్ 4.3 వేయాలి. ఎక్స్‌పీ హోస్ట్‌ను ఒప్పుకునే చివరి వరుస అది. పాత బిల్డులు దాని సైట్లోనే దొరుకుతాయి. 6.1 నుంచి (2019) హార్డ్‌వేర్ సాయం లేకుండా నడిచే దారే తీసేశారు.
2. గెస్ట్‌కు 64 మెగాబైట్లు, ఒకే ప్రాసెసర్. ఐఓ ఏపిక్ (ఇంటరప్ట్‌లను పంచే చిప్పు) ఆపాలి. ఈ పద్ధతిలో అది పెద్ద బరువు.
3. నెట్‌వర్క్ కార్డు పీసీనెట్.
4. బూటయ్యాక లాగ్ ఫైల్లో పాటమ్, సీశామ్ అన్న పేర్లు వెతకండి. గెస్ట్ కెర్నెల్ కోడ్‌ను ముందే వెతికి చూసేది సీశామ్, దాన్ని సరిదిద్దేది పాటమ్. ఆ పేర్లు ఉంటే మనకు కావాల్సిన పద్ధతిలోనే నడుస్తోందని అర్థం.

వర్చువల్‌బాక్స్ గెస్ట్ కెర్నెల్‌ను రింగ్ 0 (ప్రాసెసర్ ఇచ్చే పూర్తి అధికారపు మెట్టు) బదులు రింగ్ 1లో కూర్చోబెడుతుంది. రింగ్ 2ను కూడా వాడుకునే ఓఎస్/2 లాంటివి అక్కడ కుదరవు. వాటికి వీటీ-ఎక్స్ తప్పనిసరి. సార్జ్‌కు ఆ ఇబ్బంది రాలేదు. 2.6.8తో ఒక్కోసారి గురు మెడిటేషన్ (వర్చువల్‌బాక్స్ కూలినప్పుడు చూపే) తెరతో ఆగింది. ఐఓ ఏపిక్ ఆపాక మళ్లీ రాలేదు.

వర్చువల్ పీసీ 2007కూ అదే నకలు. అది చూపించే బొమ్మ పీసీలో 440బీఎక్స్ చిప్‌సెట్, ఎస్3 ట్రియో64 వీడియో, డెక్ 21140 నెట్‌వర్క్ కార్డు ఉంటాయి, కాబట్టి గెస్ట్‌లో ట్యూలిప్ డ్రైవర్ ఎక్కించుకోవాలి. గ్రాఫిక్స్ వేసే పట్టుదల ఉన్నవాళ్లు రంగుల లోతును 16 బిట్లు చేసుకోవాలి, 24 పెడితే తెర చెదిరిపోతుంది.

వీఎంవేర్ ప్లేయర్ మొదటి వెర్షన్ (2005) ఇన్‌స్టాలర్ మీ దగ్గరుంటే, అందులో కొత్త మెషీన్ సృష్టించే బటన్ ఉండదని గుర్తుంచుకోండి. వీఎంఎక్స్ ఫైలు (మెషీన్ సెట్టింగుల ఫైలు) చేత్తో రాసుకోవాలి: హార్డ్‌వేర్ వెర్షన్ 4, మెమరీ 64, డిస్కు ఐడీఈ 0:0. ఎస్‌సీఎస్‌ఐ పెట్టొద్దు, మన డిస్కు హెచ్‌డీఎ (మొదటి ఐడీఈ డిస్కు) అనుకుని కూర్చుంది, బూట్ సగంలో రూట్ దొరకదంటుంది.

ఏ పద్ధతిలో నడుస్తోందో గెస్ట్ లోపలి నుంచే పట్టుకోవడానికి ఎస్ఐడీటీ అనే సూచన ఉంది. ఆ 17లో ఇదీ ఒకటి. ఇంటరప్ట్ పట్టిక చిరునామా చెబుతుంది, ఎవరడిగినా చెబుతుంది. 2004లో జోఆనా రుట్కోవ్‌స్కా దీనితోనే వర్చువల్ మెషీన్‌ను పట్టేసే చిట్టి ప్రోగ్రాం రాసింది. వర్చువల్ పీసీలో చిరునామా ఇ8తో, వీఎంవేర్‌లో ఎఫ్ఎఫ్‌తో మొదలవుతుంది, ఎందుకంటే అది మేనేజర్ సొంత పట్టిక. వీటీ-ఎక్స్ మీద గెస్ట్ పట్టికే కనబడుతుంది; సిస్టమ్ మ్యాప్ ఫైల్లోని ఐడీటీ టేబుల్ చిరునామాతో పోల్చుకుంటే సరి.

దశ 5: గెస్ట్ గడియారాన్ని నమ్మొద్దు

కొలతలు మొదలుపెట్టగానే ఇక్కడ దెబ్బ తగులుతుంది. గెస్ట్ లోపల టైమ్ కమాండ్ చెప్పే సెకన్లు సెకన్లు కావు.

2.4 కెర్నెల్ సెకనుకు 100 టిక్కులు (టైమర్ ఇంటరప్ట్‌లు) అడుగుతుంది. 2.6.8 అడిగేది 1,000. ఎక్స్‌పీ హోస్ట్ టైమర్ మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కొడుతుంది. అంటే హోస్ట్ ఒకసారి లేచే లోపు గెస్ట్‌కు 15 టిక్కులు బాకీ. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఆ బాకీని గుంపుగా తీరుస్తుంది. ఈలోగా 2.6 కెర్నెల్ టీఎస్‌సీ (ప్రాసెసర్ సైకిళ్లు లెక్కించే కౌంటర్) చూసి, టిక్కులు పోయాయని తానే లెక్క సవరించుకుంటుంది. బాకీ రెండుసార్లు తీరి, గడియారం ముందుకు పరుగెడుతుంది. బూట్ లైన్లో క్లాక్ విలువను పిట్ (పాత టైమర్ చిప్పు) చేస్తే కెర్నెల్ సొంత సవరణ మానేస్తుంది, పరుగు ఆగుతుంది.

అయినా పరీక్షలకు ఇది చాలదు. చేసిన మార్పు:

1. సమయం కొలవడానికి 2.4.27 మాత్రమే.
2. గెస్ట్ సీరియల్ పోర్టును హోస్ట్ అసలు సీరియల్ పోర్టుకు కలపాలి.
3. అక్కడి నుంచి నల్ మోడెమ్ తీగ ఇ యంత్రానికి.
4. పరీక్ష మొదట్లో ఒక అక్షరం, చివర్లో ఒక అక్షరం. ఇ యంత్రం రెండిటికీ తన సమయం వేస్తుంది.

1,15,200 బాడ్ దగ్గర ఒక అక్షరానికి 10 బిట్లు, అంటే 87 మైక్రోసెకన్లు. మన పరీక్షలకు ఆ జాప్యం లెక్కలోకి రాదు. మూడు యంత్రాలకూ గడియారం ఒకటే.

తీగ 150, యూఎస్‌బీ-సీరియల్ 350. మొత్తం రూ. 9,110.

దశ 6: వీటీ-ఎక్స్ వచ్చింది, వేగం రాలేదు

2005 నవంబరులో పెంటియం 4 662, 672లతో ఇంటెల్ వీటీ-ఎక్స్ తెచ్చింది. 2006లో ఏఎండీ తన పద్ధతి తెచ్చింది. గెస్ట్ కెర్నెల్ రింగ్ 0లోనే కూర్చోవచ్చు, అయినా పగ్గాలు హోస్ట్ చేతిలోనే. 9డి సమస్య తీరిపోయింది. 2007 ఫిబ్రవరిలో 2.6.20తో, ఈ హార్డ్‌వేర్ సాయాన్ని వాడుకునే కేవీఎం లినక్స్‌లోకి చేరింది.

ఆ యంత్రంలో (కోర్ 2 డ్యూయోలో) 64-బిట్ డెబియన్ 12 వేశాక, కేవీఎం బయోస్ ఆపేసిందని చెప్పింది. బయోస్‌లో మార్చినా అదే మాట. ఈ వ్యవహారం ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ లోపలి సెట్టింగుల రిజిస్టర్) 3ఎ (హెక్స్)లో ఉంటుంది. సున్నా బిట్ తాళం, రెండో బిట్ అనుమతి. ఆర్‌డీఎంఎస్ఆర్‌తో చదివితే 5 రావాలి. 1 వస్తే బయోస్ ఆపేసి తాళం వేసింది. తాళం పడ్డాక రీసెట్ దాకా ఎవరూ మార్చలేరు. చాలా బోర్డుల్లో రీస్టార్ట్ చాలదు: సెట్టింగు మార్చి, సేవ్ చేసి, ప్లగ్ పీకి, పది సెకన్లు ఆగి పెట్టాలి. అప్పుడు 5 వచ్చింది.

తర్వాతి గండం ఫ్రీడాస్. తొలి వీటీ-ఎక్స్‌కు గెస్ట్‌ను రియల్ మోడ్‌లో (డాస్ నాటి 16-బిట్ పద్ధతిలో) నడపడం చేతకాదు. కేవీఎం దాన్ని వర్చువల్ 8086 మోడ్‌లో పెట్టి నెట్టుకొస్తుంది. కొన్ని డాస్ ప్రోగ్రాములు సెగ్మెంట్ (మెమరీ ముక్క) హద్దును 4 జీబీకి పెంచుకుని మళ్లీ రియల్ మోడ్‌కు వచ్చే అలవాటు ఉన్నవి. ఆ స్థితి వర్చువల్ 8086లో ఇమడదు, కాబట్టి ఒక్కో సూచననూ ఎమ్యులేట్ చేయాలి. దశ 2కు వెనక్కి వెళ్లినట్టే. ఎమ్యులేటర్‌కు తెలియని సూచన తగిలితే కేవీఎం ఇంటర్నల్ ఎర్రర్, సబ్‌ఎర్రర్ 1 అని ఆగుతుంది. ఆ యంత్రం (కోర్ 2 డ్యూయో) మీద డాస్‌ను మెమరీ మేనేజర్లు లేకుండా బూట్ చేయడమే మార్గం. ఇంటెల్ దీన్ని సరిచేసింది 2010 నాటి వెస్ట్‌మియర్‌లో, అన్‌రెస్ట్రిక్టెడ్ గెస్ట్ పేరుతో.

ఇక వేగం. పరీక్ష ఒక్కటే: 40,000 సార్లు ఫోర్క్ చేసి (ప్రోగ్రాం తన నకలును పిల్ల ప్రాసెస్‌గా పుట్టించి), పిల్ల ప్రాసెస్ వెంటనే ముగిసి, తల్లి దాని కోసం ఆగాలి. పది లైన్ల సీ ప్రోగ్రాం. (బాక్స్‌లో 400 చేసి వందతో గుణించండి.) ప్రతి ఫోర్కూ పేజీ టేబుళ్లను (మెమరీ చిరునామాల పట్టికలను) కట్టి కూల్చుతుంది. దీన్ని ఎంచుకున్నది 2006లో వీఎంవేర్‌కు చెందిన కీత్ ఆడమ్స్, ఓలే అగేసెన్ ప్రచురించిన పోలిక వల్ల. పెంటియం 4 672 మీద వాళ్ల లెక్క: మామూలుగా 6.0 సెకన్లు, సాఫ్ట్‌వేర్ పద్ధతిలో 36.9, కొత్త హార్డ్‌వేర్ పద్ధతిలో 106.4. అంటే ఆరు రెట్లు ఒకటి, పదిహేడు రెట్లు దాటి ఇంకొకటి. కొత్త హార్డ్‌వేర్ ఓడింది.

కారణం: గెస్ట్ నుంచి హోస్ట్‌కు దూకి తిరిగి రావడం ఖరీదు. గెస్ట్‌లోకి ప్రవేశానికే పెంటియం 4 మీద రెండు వేల సైకిళ్లు దాటేది. కోర్ 2లో వెయ్యి లోపుకు దిగింది. పేజీ టేబుల్ తాకిన ప్రతిసారీ ఆ దూకుడు తప్పదు, ఎందుకంటే హోస్ట్ పక్కనే ఒక నీడ పేజీ టేబుల్ (గెస్ట్ టేబుల్‌కు సమాంతరంగా తన సొంతది) మెయింటెయిన్ చేయాలి. పాత అనువాద పద్ధతి, ఆ తాకే చోట్లను గుర్తుపట్టి, దూకనవసరం లేని కోడ్‌గా మార్చేసుకునేది.

మీ బల్ల మీద సెకన్లను యంత్రాల మధ్య పోల్చకండి. ప్రతి యంత్రంలో సార్జ్‌ను అసలు డిస్కు మీద కూడా వేసి, అదే ప్రోగ్రాం నడిపి, ఎన్ని రెట్లు అన్నది మాత్రమే పట్టికలో రాయండి.

దశ 7: ఈపీటీ

నీడ పేజీ టేబుళ్ల బరువును 2007లో ఏఎండీ బార్సిలోనా, 2008లో ఇంటెల్ నెహాలెం తీసేశాయి. గెస్ట్ తన పేజీ టేబుల్ తానే చూసుకుంటుంది, దాని కింద రెండో పట్టికను ప్రాసెసరే నడుస్తుంది.

ఇ యంత్రంలో ఒక సౌకర్యం ఉంది, దీనివల్ల ఆ యంత్రం (కోర్ 2 డ్యూయో) లేకుండా కూడా ఈ దశ చేసేయవచ్చు:

1. కేవీఎం ఇంటెల్ మాడ్యూల్ తీసేసి, ఈపీటీ విలువ 0తో మళ్లీ ఎక్కించండి. అన్‌రెస్ట్రిక్టెడ్ గెస్ట్ కూడా దానితోపాటే ఆగుతుంది.
2. పరీక్ష నడుపుతూ పెర్ఫ్ కేవీఎం స్టాట్‌తో రికార్డు చేయండి.
3. ఈపీటీ 1తో మళ్లీ.
4. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టండి.

మొదటి దానిలో సీఆర్ యాక్సెస్, ఎక్సెప్షన్, ఇన్‌వీఎల్‌పీజీ వరుసలు పైన ఉంటాయి: అంతా పేజీ టేబుళ్ల గొడవే. రెండో దానిలో అవి అడుగుకు పోతాయి. బయటి ఇంటరప్ట్‌లు, ఐఓ, హెచ్ఎల్‌టీ మిగులుతాయి. 2006 పోలికలోని ఆ 106.4 ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లారా చూడటమంటే ఇదే.

ఈపీటీ ఉచితం కాదు. టీఎల్‌బీలో (ఇటీవల వాడిన చిరునామాలను ప్రాసెసర్ దాచుకునే చోట) దొరకని ప్రతి చిరునామాకూ రెండు పట్టికలు నడవాలి. 64-బిట్ గెస్ట్‌కు నాలుగు మెట్లు, హోస్ట్‌కు నాలుగు; గరిష్ఠంగా 24 మెమరీ చదువులు, మామూలుగా 4 చాలిన చోట. మన సార్జ్ 32-బిట్, పీఏఈ (4 జీబీ దాటిన మెమరీ కోసం పెంచిన పట్టిక) లేనిది, రెండే మెట్లు: 14 చదువులు. హోస్ట్‌లో 2 మెగాబైట్ల హ్యూజ్ పేజీలు ఇస్తే ఒక మెట్టు తగ్గి 11. క్యూఈఎంయూకి మెమరీని హ్యూజ్ పేజీల నుంచి ఇవ్వడం అందుకే. 64 మెగాబైట్ల గెస్ట్‌కు 32 పేజీలు చాలు, కాస్త ఎక్కువ కేటాయించండి, వీడియో మెమరీ వగైరాకు.

ఇప్పటి స్థితి

ఖర్చు: రూ. 9,110. నకళ్లు: 10. పద్ధతులు: బాక్స్, టీసీజీ, వర్చువల్ 8086 మోడ్, రింగ్ 1 సవరణ, నీడ టేబుళ్లతో వీటీ-ఎక్స్, ఈపీటీ. ఆరూ నడుస్తున్నాయి.

మిగిలింది ఒక ఖాళీ. మొదటి 64-బిట్ ఏఎండీ ప్రాసెసర్లలో లాంగ్ మోడ్‌లో సెగ్మెంట్ హద్దులు లేవు. వీఎంవేర్ తన మేనేజర్‌ను గెస్ట్ నుంచి కాపాడుకున్నది ఆ హద్దులతోనే. ఏఎండీ తర్వాతి రివిజన్లలో వాటిని తిరిగి పెట్టింది, ఇంటెల్ పెట్టలేదు. అందుకే వర్క్‌స్టేషన్ 5.5లో 64-బిట్ గెస్ట్‌కు ఇంటెల్ మీద వీటీ-ఎక్స్ కావాలి, అథ్లాన్ 64 మీద రివిజన్ డి లేదా తర్వాతిది అయితే చాలు. ఆ మెట్టును కూడా నడపాలంటే సాకెట్ 939 బోర్డు, వెనిస్ రకం అథ్లాన్ 64 కావాలి. ఎస్పీ రోడ్డులో 939 అని అడిగితే ఏఎం2 బోర్డు చేతిలో పెట్టే అవకాశముంది. సాకెట్‌లో రంధ్రాలు 940 ఉంటే అది మనది కాదు. వెనిస్‌తో వచ్చే ర్యామ్ డీడీఆర్, 184 పిన్నులు. డీడీఆర్2 స్లాట్లు కనబడినా వెనక్కి ఇచ్చేయండి.